స్వీడన్ వాళ్లు అమెరికాలో ఎక్కడెక్కడ స్థిరపడ్డారు? చలి అలవాటు కాబట్టే మిన్నెసోటా వెళ్లారంటే నమ్మొచ్చా?

చలిదేశం_చిన్నోడు:
అందరికీ నమస్కారం. మినియాపొలిస్‌లో ఉంటున్నాను. ఆఫీసులో ఎటు చూసినా జాన్సన్, ఆండర్సన్, స్వాన్సన్, లిండ్‌క్విస్ట్. ఎవర్ని కదిపినా "మా ముత్తాత స్వీడన్ నుంచి వచ్చాడు" అంటారు. మరి ఇక్కడికే ఎందుకొచ్చాడయ్యా అంటే అందరిదీ ఒకటే పాట: "అక్కడా చలే, ఇక్కడా చలే, అలవాటైన వాతావరణం." జనవరిలో మైనస్ పాతిక చూశాక నాకీ మాట మింగుడుపడటం లేదు. చేతిలో దేశమంతా ఉంటే ఏరికోరి ఎవరైనా ఈ చలికి వస్తారా? అసలు వీళ్లు అమెరికాలో ఎక్కడెక్కడ ఉన్నారు, ఎందుకు అక్కడే ఉన్నారు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గోదారి_గోపి:
ఆ లెక్కన మన రాజమండ్రి వాళ్లమంతా ఎండ అలవాటని అరిజోనాలో గుడిసెలు వేసుకోవాలి. న్యూజెర్సీలో ఏం చేస్తున్నట్టు? ముందు ఒకడు వెళ్తాడు, వాడి వెనక బావమరిది, వాడి వెనక ఊరంతా. అంతే బ్రదర్.

పాతపుస్తకాల_రావు:
గోపీ సరదాగా అన్నా అసలు విషయం అక్కడే ఉంది. కాస్త వెనక్కి వెళ్లి చెప్తాను.

చిన్నోడు గారూ, మీ అనుమానం సబబే. స్వీడన్ నుంచి జనం బాగా కదిలిన ప్రాంతాల్లో దక్షిణాన ఉన్న స్మోలాండ్ ఒకటి. అక్కడ జనవరి సగటు సున్నాకి రెండు మూడు డిగ్రీలు కింద ఉంటుంది. మినియాపొలిస్‌లో తొమ్మిదో పదో కింద. అంటే ఉన్నదానికంటే ఘోరమైన చలిలోకి వచ్చిపడ్డారన్నమాట.

అమెరికాలో వాళ్లు మొదట దిగింది మిన్నెసోటాలో కాదు, డెలవేర్ నది ఒడ్డున. 1638లో కల్మార్ నికెల్, ఫోగెల్ గ్రిప్ అనే రెండు ఓడలు వచ్చాయి. ఇప్పటి విల్మింగ్టన్ ఉన్నచోట ఫోర్ట్ క్రిస్టీనా కట్టి, ఆ ప్రాంతానికి న్యూ స్వీడన్ అని పేరు పెట్టుకున్నారు. 1655లో డచ్చివాళ్లు వచ్చి లాక్కున్నారు. 17 ఏళ్ల ముచ్చట. జనం మాత్రం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉండిపోయారు. విల్మింగ్టన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ వాళ్లు కట్టిన చర్చిలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అడవి దుంగల్ని పేర్చి ఇల్లు కట్టే పద్ధతిని అమెరికాకి తెచ్చింది ఈ స్వీడన్, ఫిన్లాండ్ వాళ్లేనని చెబుతారు.

అసలు వరద 1840ల తర్వాత. అప్పట్నుంచి 1930 దాకా 12 లక్షల మందికి పైగా వెళ్లారు, అందులో దాదాపు 2 లక్షల మంది తిరిగొచ్చేశారు. స్వీడన్ జనాభా 1750 నుంచి 1850 లోపు రెట్టింపు అయ్యింది. యుద్ధాలు లేకపోవడం, మశూచి టీకా, బంగాళాదుంప, ఈ మూడే కారణమని అక్కడ పాతకాలం నుంచీ ఒక మాట ఉంది. జనం పెరిగారు గానీ పొలం పెరగదుగా. స్మోలాండ్ అంటే రాళ్ల నేల, నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే నాగలి తిప్పడానికి కూడా చోటుండదు. దానికి తోడు 1867 నుంచి 1869 దాకా వరసగా పంటలు పోయాయి. ఆకలి ఒక్కసారిగా తరిమింది.

రైలుపట్టాలు:
రావు మాస్టారూ, అక్కడ్నుంచి నేనందుకుంటాను. రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి, నా కళ్లకి పట్టాలే కనపడతాయి 😀

మిన్నెసోటా ఎందుకంటే, ఆకలితో బయల్దేరినవాళ్లు న్యూయార్క్‌లో దిగిన సమయానికి ఖాళీగా, చవగ్గా, రైలు వెళ్లే భూమి అక్కడే ఉంది. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. ఐదేళ్లు ఉండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు నీవే, చిన్న ఫీజు కడితే చాలు. అదే కాలంలో ప్రభుత్వం రైలు కంపెనీలకి పట్టాల పక్కనే బోలెడంత భూమి రాసిచ్చింది. ఒక చదరపు మైలు కంపెనీది, పక్కది సర్కారుది, చదరంగం బల్లలాగా. కంపెనీకి ఆ భూమి అమ్ముడుపోవాలి, దానికంటే ముఖ్యంగా ఆ చుట్టుపక్కల గోధుమ పండించి బండ్లకెక్కించే మనుషులు కావాలి. అందుకే ఏజెంట్లని పెట్టుకున్నారు. హాన్స్ మాట్సన్ అని ఒకాయన, మిన్నెసోటాలో వాసా అనే ఊరు స్థాపించినవాళ్లలో ఒకడు, సివిల్ వార్‌లో కర్నల్‌గా చేశాడు, రాష్ట్ర ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్నాడు. ఆయనే రైలు కంపెనీ తరఫున స్వీడన్ వెళ్లి జనాన్ని తోలుకొచ్చాడు. సొంత భాషలో సొంతవాడు చెబితే నమ్మరా మరి!

దారి చూడండి. గోథెన్‌బర్గ్‌లో ఓడెక్కి ఇంగ్లండ్‌లో హల్ రేవు, అక్కడ్నుంచి రైల్లో లివర్‌పూల్, మళ్లీ పెద్ద ఓడలో న్యూయార్క్, మళ్లీ రైల్లో షికాగో. స్వీడన్ నుంచి నేరుగా న్యూయార్క్‌కి సొంత ఓడలు నడపడం 1915లో గానీ మొదలవలేదు. అన్ని మార్పులున్న ప్రయాణంలో చేతిలో ఒక చిరునామా ఉన్నవాడు ఆ చిరునామాకే పోతాడు. చాలామందికి టికెట్ కూడా అమెరికాలో ఉన్న చుట్టమే ముందుగా కొని పంపేవాడు.

షికాగో_శైలజ:
ఇల్లినాయ్‌ని వదిలేస్తే ఒప్పుకోను! మిన్నెసోటా కంటే ముందు మేమే. స్వీడన్ వాళ్ల మధ్య పశ్చిమ కథ మొదలైన చోట్లలో బిషప్ హిల్ ఒకటి. కిందటి వేసవిలో వెళ్లొచ్చాను.

ఎరిక్ యాన్సన్ అని హెల్సింగ్లాండ్ ప్రాంతంలో ఒక మత బోధకుడు ఉండేవాడు. బైబిల్ తప్ప వేరే మతగ్రంథాలు అక్కర్లేదని లూథర్ పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించాడు. ఆ రోజుల్లో స్వీడన్‌లో పాదిరి లేకుండా ఇళ్లలో కూటాలు పెట్టుకోవడమే నేరం, ఆ చట్టం 1858 దాకా ఉంది. అరెస్టయ్యాడు, తప్పించుకున్నాడు, 1846లో అమెరికా చేరాడు. వెనకే వందలాది మంది శిష్యులు. హెన్రీ కౌంటీలో భూమి కొన్నారు. మొదటి చలికాలం వాగు గట్టులో తవ్విన గుంతల్లో బతికారు. చాలామంది చనిపోయారు. 1849లో కలరా ఇంకొంతమందిని తీసుకుపోయింది. అయినా ఇటుక బట్టీలు పెట్టి మూడంతస్తుల మేడలు లేపారు, నారబట్ట నేసి అమ్మారు. ఆస్తి అంతా ఉమ్మడి.

1850లో యాన్సన్‌ని అదే కౌంటీలోని కేంబ్రిడ్జి అనే ఊళ్లో కోర్టు దగ్గర ఒకడు కాల్చి చంపేశాడు. ఆ మనిషి భార్య యాన్సన్‌కి బంధువు. ఆమెనీ బిడ్డనీ నాతో పంపండని అతను, పంపేది లేదని వీళ్లు. ఇంట్లో తగవు పెరిగి పెరిగి తుపాకీ దాకా వచ్చింది. 1861లో కాలనీ ఆస్తులు పంచుకుని విడిపోయారు. ఊరు ఇప్పటికీ ఉంది. కాలనీ చర్చిలో పైన ప్రార్థన గది, కింద సంసారాలు ఉండే చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక కుటుంబం. మన సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ వాటి ముందు రాజభవనం.

ఆ మతంతో సంబంధం లేనివాళ్లు కూడా బిషప్ హిల్ నుంచి వెళ్లిన ఉత్తరాలు చదివి బయల్దేరారు. చుట్టుపక్కల ఆండోవర్, గేల్స్‌బర్గ్, మోలీన్, రాక్‌ఫర్డ్ అలా నిండాయి. మోలీన్‌లో నాగళ్ల ఫ్యాక్టరీ ఉద్యోగాలు, రాక్‌ఫర్డ్‌లో ఫర్నిచర్.

ఇక షికాగో. 1900 నాటికి స్టాక్‌హోమ్ తర్వాత ప్రపంచంలో స్వీడన్ వాళ్లు ఎక్కువున్న నగరం ఇదే, గోథెన్‌బర్గ్ కూడా వెనకే. మగవాళ్లు వడ్రంగులు, తాపీ పనివాళ్లు. ఆడపిల్లలు పెద్దింట్లో పనికి కుదిరేవాళ్లు. స్వీడన్‌లో పాలేరు పిల్లగా గొడ్ల చావిడి ఊడ్చే అమ్మాయికి ఇక్కడ విడి గది, చేతికి జీతం, వారంలో ఒక పూట సెలవు. వాళ్లలో చాలామంది తిరిగి వెళ్లడానికి ఇష్టపడలేదు. ఊళ్లో తమ్ముళ్లకి టికెట్లు కొని పంపింది ఎక్కువగా ఈ అక్కలే అని నా నమ్మకం.

చలిదేశం_చిన్నోడు:
అబ్బో, ఇంత వస్తుందనుకోలేదు. రాళ్ల నేల, రైలు, ఉత్తరాలు... అంటే చలికి ఏ పాత్రా లేదంటారా? మరీ అంత కొట్టిపారేయొచ్చా?

హట్టో_హరిత:
కొట్టిపారేయొచ్చు. టెక్సాస్ నుంచి రాస్తున్నా, ఇక్కడ ఆగస్టులో 40 డిగ్రీలు 🙂

ఆస్టిన్ దగ్గర హట్టోలో ఉంటాం. రౌండ్ రాక్, హట్టో, ఎల్గిన్, జార్జ్‌టౌన్ చుట్టూ అంతా ఒకప్పుడు స్వీడిష్ పత్తి రైతులు. కారణం ఒకే ఒక్క మనిషి. స్వాంటె మాగ్నస్ స్వెన్సన్, స్మోలాండ్‌లోని బార్కెరీడ్ వాడు, 1838లో టెక్సాస్ వచ్చాడు. వ్యాపారం, తోటలు, భూములు బాగా సంపాదించాడు. బానిసల్ని కూడా ఉంచుకున్నాడు, అది దాచాల్సిన విషయం కాదు. 1848లో తన ఊరి వైపు నుంచి 25 మందిని రప్పించాడు. ఛార్జీలు ఆయన పెట్టుకునేవాడు, వచ్చినవాళ్లు ఆయన దగ్గర పనిచేసి తీర్చుకోవాలి. ఆ తర్వాత వేలమంది. ఒకే మూల నుంచి వచ్చి ఒకే మూలలో దిగారు. మిన్నెసోటా అన్న మాటే వాళ్ల దారిలో లేదు.

స్వెన్సన్ మేనమామ స్వాంటె పామ్ ఇంకో రకం. జీవితమంతా పుస్తకాలు కొని కొని దాదాపు 10,000 పుస్తకాల్ని 1897లో టెక్సాస్ యూనివర్సిటీకి ఇచ్చేశాడు. రావు గారికి నచ్చే మనిషి.

మేనర్ దగ్గర న్యూ స్వీడన్ అని చర్చి ఉంది. పొలాల మధ్య రాగి రేకు శిఖరం మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. ఇప్పుడు ఆ పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి, కొనేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

పాతపుస్తకాల_రావు:
పామ్ గారికి నమస్కారం. మా ఇంట్లో అయితే పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయమని రోజూ గొడవ, తీసుకునేవాళ్లే లేరు.

చలిని నమ్ముకుని వెళ్లిన కేసు ఒకటుంది లెండి, చిన్నోడి మాట కొంచెం నిలబెడదాం. మేన్ రాష్ట్రం. అక్కడి జనం పడమటికి వెళ్లిపోతుంటే ఉత్తరాన అడవులు ఖాళీగా పడున్నాయి. విలియం విడ్జరీ థామస్ అని స్వీడన్‌లో అమెరికా కాన్సుల్‌గా చేసినాయన, చలికి, అడవికి అలవాటుపడ్డ స్వీడన్ వాళ్లని తెద్దామని చట్టసభని ఒప్పించాడు. తనే వెళ్లి 51 మందిని వెంటబెట్టుకొచ్చాడు. 1870 జులై 23న అరూస్టుక్ కౌంటీలో దిగారు. కుటుంబానికి 100 ఎకరాలు. ఆ ఊరి పేరూ న్యూ స్వీడనే, పక్కన స్టాక్‌హోమ్ అని ఇంకో ఊరు. ఇప్పుడక్కడ బంగాళాదుంపల పంట. కాకపోతే గమనించండి, ఇక్కడ చలి గురించి ఆలోచించింది పిలిచినవాడు. వచ్చినవాళ్లు చూసుకున్నది 100 ఎకరాలు.

ఎర్రమట్టి:
అందరూ "ఖాళీ భూమి" అని తెగ రాస్తున్నారు. ఎవరు ఖాళీ చేశారో కూడా రాయండి. 1851 ఒప్పందాల్లో దక్షిణ మిన్నెసోటాని డకోటా తెగల దగ్గర కారుచౌకగా రాయించుకున్నారు. ఇస్తామన్న డబ్బు సమయానికి రాక, తిండి లేక 1862లో వాళ్లు తిరగబడ్డారు. ఆ డిసెంబర్ 26న మన్‌కాటోలో 38 మంది డకోటా మగవాళ్లని ఒకే ఉరికంబం మీద వేలాడదీశారు. మరుసటి ఏడాది మిగిలినవాళ్లని రాష్ట్రం నుంచే తరిమేశారు. హోమ్‌స్టెడ్ చట్టం కూడా 1862దే. తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

రైలుపట్టాలు:
ఎర్రమట్టి గారూ, కాదనను. కానీ ఆ తిరుగుబాటులో చచ్చినవాళ్లలో అప్పుడే వచ్చిన స్వీడన్ రైతు కుటుంబాలూ ఉన్నాయి, కాండియోహై కౌంటీలో పిల్లల్తో సహా. ఒప్పందం రాసింది వాళ్లు కాదు, డబ్బు ఎగ్గొట్టింది వాళ్లు కాదు.

ఎర్రమట్టి:
రాసింది వాళ్లు కాదు. భూమి మిగిలింది మాత్రం వాళ్లకే. రెండూ నిజమే.

నిర్వాహకుడు:
ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటున్నారు కాబట్టి కత్తెర వెయ్యడం లేదు. కొనసాగించండి.

బాలానగర్_ఫిట్టర్:
నాకు చరిత్ర తెలీదు గానీ ఒక విషయం చెప్పాలి. మా వర్క్‌షాపుల్లో నార్టన్ గ్రైండింగ్ వీల్ తెలియనివాడు ఉండడు. దాని పుట్టుక స్వీడన్ వాళ్ల చేతుల్లోనే. మసాచుసెట్స్‌లో వుస్టర్ అనే ఊళ్లో ఫ్రాంక్ నార్టన్ అని కుండలు, జాడీలు చేసే కంపెనీ ఆయన. ఆయన దగ్గర స్వెన్ పుల్సన్ అని స్వీడిష్ కుమ్మరి ఉండేవాడు. సానరాయి పొడిని బంకమట్టిలో కలిపి కుండ కాల్చినట్టు ఆవంలో కాలిస్తే చక్రం గట్టిగా వస్తుందని 1870ల్లో చేసి చూపించాడు. ఇప్పటికీ విట్రిఫైడ్ వీల్ అంటే పద్ధతి అదే, మట్టి బంధం, ఆవం వేడి. వేడి చాలకపోతే చక్రం తిరుగుతుండగా పగిలి మనిషి మీదికొస్తుంది, అందుకే వాడేముందు చెక్క సుత్తితో తట్టి మోత వింటాం. గణగణమంటే మంచిది, మొద్దుగా పలికితే పక్కన పడెయ్యాలి.

పుల్సన్ బావమరిది జాన్ జెప్సన్. ఇద్దరిదీ స్వీడన్‌లోని హోగనాస్, అక్కడ కుండల పని పెద్ద పరిశ్రమ. 1885లో కంపెనీని కొన్నవాళ్లలో జెప్సన్ ఒకడు. ఫ్యాక్టరీ పెద్దయ్యాక మనుషులు కావాలంటే హోగనాస్ వైపు నుంచే రప్పించేవాడు. అదే ఊళ్లో తీగల ఫ్యాక్టరీలోనూ బోలెడంతమంది స్వీడన్ వాళ్లు. అందరూ రైతులే అనుకోకండి.

పాతపుస్తకాల_రావు:
ఫిట్టర్ గారూ, చప్పట్లు. ఈ చర్చలో నేను కొత్తగా నేర్చుకున్నది ఇదే.

మీరన్నది పెద్ద మార్పు. 1880ల తర్వాత మంచి భూమి అయిపోయింది, వచ్చేవాళ్లు కూడా కుటుంబాలు కాకుండా ఒంటరి కుర్రాళ్లు, అమ్మాయిలు. వాళ్లు నగరాలకే పోయారు. న్యూయార్క్ రాష్ట్రంలో జేమ్స్‌టౌన్ కూడా రాక్‌ఫర్డ్ లాగే వడ్రంగుల ఊరు. 1910 నాటికి అమెరికాలో స్వీడన్‌లో పుట్టినవాళ్లూ వాళ్ల పిల్లలూ కలిపి 14 లక్షలు. అప్పుడు స్వీడన్ మొత్తం జనాభా 55 లక్షలు. ప్రభుత్వం కంగారుపడి 1907లోనే దీని మీద విచారణ సంఘం వేసింది.

సియాటిల్_సుబ్బు:
పడమటి తీరం ఎవరూ ఎత్తలేదే. ఇక్కడికొచ్చిన చాలామందికి ఇది రెండో వలస. మిన్నెసోటాలో కొన్నాళ్లుండి, రైలు పడ్డాక సియాటిల్, టకోమా వచ్చి దుంగల కోతలో, చేపల పడవల్లో చేరారు. నార్డ్‌స్ట్రోమ్ షాపు తెలుసుగా? జాన్ నార్డ్‌స్ట్రోమ్ ఉత్తర స్వీడన్‌లోని లూలియో దగ్గరివాడు. 16 ఏళ్లకి అమెరికా వచ్చి గనుల్లో, అడవుల్లో కూలి చేసి, క్లోండైక్ బంగారం వేటలో కాస్త డబ్బు చేతికొచ్చాక 1901లో సియాటిల్‌లో చెప్పుల కొట్టు పెట్టాడు.

కాలిఫోర్నియాలో టర్లాక్, కింగ్స్‌బర్గ్. ఎండు ద్రాక్ష తోటల ప్రాంతం, చలి సంగతి మర్చిపోండి. కింగ్స్‌బర్గ్‌లో నీళ్ల ట్యాంకుని స్వీడిష్ కాఫీ కెటిల్ ఆకారంలో ముస్తాబు చేశారు. రోడ్డు మీద వెళ్తుంటే ఆకాశంలో కెటిల్!

లిండ్స్‌బోర్గ్_లక్ష్మి:
కాన్సాస్‌ని మర్చిపోతే ఎలా అండీ. మా వారి ఉద్యోగం వల్ల కొన్నాళ్లు ఇక్కడ లిండ్స్‌బోర్గ్‌లో. 1869లో ఊలోఫ్ ఊల్సన్ అనే పాదిరి వార్మ్‌లాండ్ నుంచి తన సంఘాన్నంతా తీసుకొచ్చి స్థాపించిన ఊరు. 1882 నుంచి ఏటా ఈస్టర్‌కి హ్యాండెల్ స్వరపరిచిన 'మెస్సయ్య' అనే భక్తి సంగీతం పాడుతున్నారు. వీధి పొడుగునా రంగులేసిన దాలా గుర్రాలు, అంటే స్వీడన్ వాళ్ల గుర్రం బొమ్మలు. నెబ్రాస్కాలో స్ట్రామ్స్‌బర్గ్ కూడా ఇలాంటిదే అంటారు, నేను చూడలేదు.

గోదారి_గోపి:
ఇంతకీ మన వైపు వీళ్లెవరైనా వచ్చారా, లేక మనమే వాళ్ల దగ్గరికా?

పాతపుస్తకాల_రావు:
వచ్చారు గోపీ, నీ రాజమండ్రికే. మధ్య పశ్చిమంలోని స్వీడన్ వాళ్లు నార్వే వాళ్లతో కలిసి 1860లో అగస్టానా సినడ్ అని లూథరన్ చర్చిల సంఘం పెట్టుకున్నారు. రాక్ ఐలండ్‌లో అగస్టానా కాలేజీ వాళ్లదే. ఆ సినడ్ మొదట విదేశానికి పంపిన మిషనరీ ఆగస్ట్ కార్ల్‌సన్. వచ్చింది గోదావరి జిల్లాల్లోని రాజమండ్రి లూథరన్ మిషన్‌కి, 1870ల చివర్లో. కొన్నేళ్లకే చనిపోయాడు. షార్లెట్ స్వెన్సన్ అనే ఆవిడ పేరు మీద రాజమండ్రిలో బైబిల్ శిక్షణ పాఠశాల నడిచింది.

గోదారి_గోపి:
లూథర్‌గిరి పక్కనుంచి వందసార్లు వెళ్లుంటాను! రేపే అమ్మని అడుగుతా, ఆవిడకి అక్కడ స్నేహితులున్నారు.

చలిదేశం_చిన్నోడు:
అందరికీ థాంక్స్. నిన్న సెడార్ అవెన్యూ వైపు వెళ్లాను. ఒకప్పుడు స్వీడన్, నార్వే కుర్రాళ్లు దిగగానే గదులు తీసుకున్న పేట. నోట్లో నశ్యం పెట్టుకునే అలవాటు వల్ల దానికి స్నూస్ బులెవార్డ్ అని పేరుండేదట. ఇప్పుడు మొత్తం సోమాలీ వాళ్లు. సమోసాలాంటిది సంబూసా తిన్నాను, బావుంది. సెయింట్ పాల్‌లో స్వీడ్ హాలో అనే లోయ కూడా చూశాను. కుళాయి, డ్రైనేజీ లేని గుడిసెల్లో ముందు స్వీడన్ వాళ్లు, వాళ్లు ఖాళీ చేశాక ఇటలీ వాళ్లు, ఆ తర్వాత మెక్సికో వాళ్లు ఉన్నారట. 1956లో నగరం వాళ్లు తగలబెట్టి ఖాళీ చేయించారు.

ఒక చిన్న సాయం. మా టీమ్‌లో ఒకావిడ తన ముత్తాత ఊరు కనుక్కోవాలంటోంది. పేరు జాన్సన్, అంతే తెలుసు. కుదురుతుందా?

షికాగో_శైలజ:
జాన్సన్ ఒక్కటే అంటే సముద్రంలో ఉప్పు వెతికినట్టే. పాత రోజుల్లో ఇంటిపేరు తండ్రి పేరు మీద తరానికోసారి మారేది. కొడుకు యోహాన్సన్, కూతురు యోహాన్స్‌డాటర్, ఇక్కడికొచ్చాక అందరూ జాన్సన్లు. ముందు అమెరికాలో వాళ్లు వెళ్లిన చర్చి ఏదో కనుక్కోమనండి. స్వీడిష్ లూథరన్ చర్చి రిజిస్టర్లలో సభ్యుడు స్వీడన్‌లో ఏ పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) నుంచి వచ్చాడో రాసేవాళ్లు. పారిష్ పేరు దొరికితే పని సగం అయిపోయినట్టే. స్వీడన్ పాదిరులు ఇంటింటికీ వెళ్లి ఎవరు పుట్టారు, ఎవరు చదవగలరు, ఎవరు ఏ తేదీన అమెరికా వెళ్లారు అన్నీ పుస్తకాల్లో ఎక్కించారు, అవి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. రాక్ ఐలండ్‌లో స్వెన్సన్ పరిశోధనా కేంద్రం వాళ్లు కూడా సాయం చేస్తారు.

మీరెలాగూ అక్కడే ఉన్నారు, షిసాగో కౌంటీలో లిండ్‌స్ట్రోమ్ వెళ్లి రండి. గంటలోపు డ్రైవ్. ఆ చెరువుల చుట్టూ ఉన్న సమాధుల మీద స్మోలాండ్ ఊళ్ల పేర్లు కనిపిస్తాయి.

ఎర్రమట్టి:
మన్‌కాటో కూడా దగ్గరే. అది కూడా చూడండి.

చలిదేశం_చిన్నోడు:
రెండూ రాసుకున్నాను. మంచు కరగనివ్వండి, ఇప్పుడు కారు తీయాలంటే ముందు పార పట్టాలి. ఈలోగా ఒక డౌట్, మిషిగన్ ఇనుప గనుల దగ్గర స్వీడన్ వాళ్లకంటే ఫిన్లాండ్ వాళ్లు ఎక్కువున్నారని విన్నాను, ఎందుకలా?

నిర్వాహకుడు:
దానికి కొత్త చర్చ తెరవండి బాబూ, ఇది ఇప్పటికే చాంతాడంత అయ్యింది.